తెలిసిన జవాబున్న ప్రశ్న

మోటారు చెడిపోతే మూలుగుతుంది, కాలిన వాసన వస్తుంది, ఫ్యూజు కొట్టేస్తుంది. ఫ్యాను బేరింగు అరుగుతుంటే నెల ముందు నుంచే కిర్రుమంటుంది. ట్యూబులైటు పోయే ముందు దాని చివరలు నల్లబడతాయి. రేడియో మాడ్యూలు ఇవేవీ చేయదు. పనిచేస్తున్నదాన్నీ పాడైపోయినదాన్నీ బల్లమీద పక్కపక్కన పెట్టి చూడండి, ఏది బతికుందో చెప్పలేరు. రెండూ చల్లగానే ఉంటాయి. రెండింటి మీదా దీపం ఉండదు. అది చేసే పనే కంటికి కనపడదు కాబట్టి దానికొచ్చిన జబ్బూ కనపడదు.

వైర్‌లెస్ పనిలో దిగినవాళ్లను అన్నిటికన్నా ఎక్కువ కుంగదీసేది ఇదే. తెరమీద సందేశం కోసం చూస్తున్నానని ఒక వాక్యం ఉంటుంది. గంట తర్వాత చూసినా అదే వాక్యం. దాని వెనక వదులైన తీగ ఉండొచ్చు, చాలని కరెంటు ఉండొచ్చు, కలవని ఫ్రీక్వెన్సీ ఉండొచ్చు, యాంటెన్నా లోపల తగలని పిన్ను ఉండొచ్చు, అవతల పంపే యంత్రం బ్యాటరీయే అయిపోయి ఉండొచ్చు. కారణాలు ఎన్నయినా బయటికి కనిపించేది మాత్రం ఒక్క మౌనమే.

మా మామిడితోటలో బోరు పక్కన నీళ్ల ట్యాంకు ఉంది. అందులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో ఊళ్లో ఇంటి దగ్గర తెలియాలి, అంతే మా అవసరం. మధ్య దూరం రెండు కిలోమీటర్ల లోపే. వై-ఫై అంత దూరం రాదు. సిమ్ పెడదామంటే తోట పల్లంలో ఉంది, ఫోనుకే సిగ్నల్ సరిగా అందదు. అందుకని లోరా ఎంచుకున్నాం. ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో సైక్లియో అనే చిన్న కంపెనీలో పుట్టిన పద్ధతి ఇది. 2012లో సెమ్‌టెక్ అనే సంస్థ ఆ కంపెనీని కొనుక్కుంది. ఫ్రీక్వెన్సీని ఒక కొస నుంచి ఇంకో కొసకు జారుస్తూ, ఆ జారుడు ఎక్కడ మొదలైందన్నదాంట్లో సమాచారం పెట్టి పంపడం దాని కిటుకు. వేగం చాలా తక్కువ, చేరే దూరం ఎక్కువ. నీటిమట్టం చెప్పడానికి వేగంతో పనేముంది? మన దేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు తక్కువ శక్తితో వాడుకునే పరికరాలకు లైసెన్సు అక్కర్లేదని 2005లోనే నిబంధన వచ్చింది, తర్వాత దాన్ని 868 దాకా పెంచారు. తోటలో చిన్న మైక్రోకంట్రోలర్‌కి తగిలించిన మాడ్యూలు పంపుతుంది. ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరుకి తగిలించిన మాడ్యూలు వింటుంది. రెండింటి లోపలా ఉన్నది ఎస్ఎక్స్1276 అనే చిప్పే.

ఇలాంటి ఏర్పాటు పలకనప్పుడు చాలామంది మొదట చేసే పని, తోట నుంచి సందేశం వస్తోందా లేదా అని చూస్తూ ఒక్కొక్కటీ మార్చడం. తీగలు పీకి మళ్లీ గుచ్చుతారు, ఇంకో లైబ్రరీ ఎక్కిస్తారు, పవర్ పెంచుతారు, యాంటెన్నా మారుస్తారు. ప్రతి మార్పు తర్వాతా మళ్లీ అదే ప్రశ్న అడుగుతారు. ఆ ప్రశ్నతో వచ్చిన చిక్కేమిటంటే, జవాబు అవునని వస్తే అన్నీ బాగున్నట్టు తెలుస్తుంది కానీ, రాకపోతే ఏమీ తెలియదు. రెండు కంప్యూటర్లు, రెండు మాడ్యూళ్లు, రెండు యాంటెన్నాలు, మధ్యలో చెట్లు, గాలి, దూరం అన్నీ ఒకే ప్రశ్నలో ఇరికించి అడిగితే 'లేదు' అన్న జవాబు దేని గురించో ఎలా తెలుస్తుంది? పైగా పంపే వైపు ప్రోగ్రాము 'పంపడం పూర్తయింది' అని ధీమాగా రాస్తుంది. చిప్పు తన లోపలి పని ముగించిందని మాత్రమే దాని అర్థం. అది గాల్లోకి వెళ్లిందనిగానీ ఎవరో విన్నారనిగానీ అందులో లేదు.

నా నమ్మకం ఏమిటంటే, మొదట అడగాల్సింది జవాబు మనకు ముందే తెలిసిన ప్రశ్న. కొత్త సంగతి ఏదీ చెప్పదు కాబట్టి అలాంటి ప్రశ్న అడగడం వృథా అనిపిస్తుంది. నాకైతే అంతకంటే విలువైన ప్రశ్న లేదు.

ఎస్ఎక్స్1276 లోపల చిన్నచిన్న గడులుంటాయి, వాటిని రిజిస్టర్లంటారు. హెక్సాడెసిమల్ లెక్కలో 42 నంబరున్న రిజిస్టరులో చిప్పు తన వెర్షను రాసుకుని ఉంటుంది. దాని విలువ అదే లెక్కలో 12, మన మామూలు లెక్కలో పద్దెనిమిది. దాన్ని చదవడానికి రేడియో అక్కర్లేదు, యాంటెన్నా అక్కర్లేదు, తోటతో సంబంధమే లేదు. రాస్ప్‌బెర్రీ పై నలభై పిన్నుల్లో 19, 21, 23, 24 నంబర్ల పిన్నుల మీదుగా ప్రశ్న వెళ్లి జవాబు వస్తుంది. 19 మీద పై మాట్లాడుతుంది, 21 మీద చిప్పు బదులిస్తుంది, 23 తాళంలా లయ చూపిస్తుంది, 24 'నీతోనే మాట్లాడుతున్నా' అని పిలుస్తుంది. ఈ నాలుగు తీగల మాటల పద్ధతిని ఎస్పీఐ అంటారు. పైలో అది మొదట మూసే ఉంటుంది, సెట్టింగుల్లో తెరుచుకోవాలి.

ఇప్పుడు జవాబుల సంగతి చూడండి. పద్దెనిమిది వస్తే కరెంటు, నేల తీగ, నాలుగు తీగలు, చిప్పు ప్రాణం అన్నీ ఒక్క అంకెతో రుజువైనట్టే. సున్నా వచ్చిందా, 21వ పిన్ను తీగ కిందికి లాగబడి ఉంది, లేదా చిప్పుకు కరెంటే అందడం లేదు. 255 వచ్చిందా, ఆ తీగ పైకి తేలిపోయి ఉంది, అవతల ఎవరూ పట్టుకోలేదు. అడిగినప్పుడల్లా అంకె మారుతుంటే తీగ తగిలీ తగలకుండా ఉంది. అంటే ఈ ప్రశ్నకు తప్పు జవాబులు కూడా పనికొస్తాయి. ప్రతి తప్పూ ఒక దిక్కు చూపిస్తుంది.

ఈ మాడ్యూళ్ల అంచున పిన్నుల మధ్య ఎడం రెండు మిల్లీమీటర్లు. మనం వాడే బ్రెడ్‌బోర్డుల ఎడం రెండున్నర మిల్లీమీటర్ల పైచిలుకు. అందుకని మాడ్యూలును ఇంకో చిన్న బోర్డు మీద సోల్డరింగు చేసి, దానికి పిన్నుల వరస అతికించుకోవాలి. ఒక్కోసారి ఆ అతుకుల్లో ఒకటి పైకి మెరుస్తూ నున్నగానే ఉంటుంది, అడుగున మాత్రం రాగిని పట్టుకుని ఉండదు. మాదాంట్లోనూ అలా ఉందేమోనని, వెర్షను రిజిస్టరును సెకనుకోసారి చదివించి తెరమీద వేయిస్తూ, అగ్గిపుల్లతో ఒక్కొక్క అతుకునూ మెల్లగా నొక్కుతూ పోయాను. సున్నా, సున్నా, సున్నా. ఒక చోట నొక్కగానే పద్దెనిమిది. పుల్ల తీస్తే సున్నా. మళ్లీ నొక్కితే పద్దెనిమిది. కంటికి అందని జబ్బు అంకెలుగా తెరమీదికి వచ్చింది. సోల్డరింగు ఐరను వేడెక్కేదాకా కూడా ఓపిక పట్టలేనంత సంతోషం వేసింది.

చిప్పు మీదే అనుమానం ఉంటే దాన్ని పక్కన పెట్టి ఇంకా ముందు మెట్టు ప్రశ్న అడగొచ్చు. పైలో 19, 21 పిన్నులను ఒక చిన్న తీగతో కలిపేస్తే పై పలికిందే పైకి తిరిగి వినపడాలి. వినపడకపోతే లోపం ఇవతలే ఉంది. దీనికి ఖర్చు అర నిమిషం.

మా ఊళ్లో మోటార్లకు కరెంటు పని చేసే పెద్దాయన ఉన్నాడు, వరసకు నాకు మావయ్య. స్టార్టరు డబ్బా తెరిచినప్పుడు ఆయన చేసే పని నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. టెస్ట్ ల్యాంపును నేరుగా అనుమానం ఉన్న చోట పెట్టడు. ముందు కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన చోట పెట్టి వెలిగిస్తాడు. తర్వాత పోయిందనుకున్న ఫేజు దగ్గర పెడతాడు. అక్కడ వెలగకపోతే వెంటనే చెయ్యి పెట్టడు, మళ్లీ మొదటి చోటికొచ్చి ఇంకోసారి వెలిగించి చూస్తాడు. ఎందుకు మావయ్యా ఇదంతా అని ఒకసారి అడిగాను. "లైటు వెలగలేదంటే కరెంటు లేదని కాదు అల్లుడూ, ఈ మధ్యలో నా లైటే పోయిందేమో! చెయ్యి పెట్టేది నేను కదా" అన్నాడు. ఆయన మాటలో ప్రాణభయం ఉంది, అందుకే మూడో మెట్టు కూడా మానడు. మేము బల్లమీద 3.3 వోల్టులతో ఆడేవాళ్లం కాబట్టి మొదటి మెట్టు కూడా వదిలేస్తుంటాం.

ఆ మూడో మెట్టు ఎంత అవసరమో కరెంటు విషయంలో తెలుస్తుంది. ఈ చిప్పు వింటున్నప్పుడు పది, పన్నెండు మిల్లీయాంపులతో సరిపెట్టుకుంటుంది. పూర్తి బలంతో పంపేటప్పుడు 120 మిల్లీయాంపులు లాగుతుంది. సన్నటి పొడవాటి జంపర్ వైర్లతో కలిపితే, పంపడం మొదలైన క్షణంలో చిప్పు దగ్గర వోల్టేజి గుంటలో పడ్డట్టు పడుతుంది. మల్టీమీటరు పెట్టి చూస్తే 3.3 అని నిలకడగా చూపిస్తుంది. అది సెకనులో కొన్నిసార్లే కొలిచి సగటు చెప్పే సాధనం, ఈ గుంటలు అంతకంటే చిన్నవి. ఫలితం ఏమిటంటే, చిప్పు పంపుతూ పంపుతూ మధ్యలో సొమ్మసిల్లి మళ్లీ లేస్తుంది. లేచాక దానికి మనం చెప్పినవేవీ గుర్తుండవు.

ఇక్కడ నాకు ఎంతో నచ్చిన ఒక చిన్న వివరం ఉంది. 6, 7, 8 నంబర్ల రిజిస్టర్లలో ఫ్రీక్వెన్సీ ఉంటుంది. 866 మెగాహెర్ట్జ్ పెడితే ఆ మూడింటిలో వరసగా 216, 128, 0 ఉండాలి. చిప్పు కొత్తగా లేచినప్పుడు దానంతట అది పెట్టుకునే ఫ్రీక్వెన్సీ 434 మెగాహెర్ట్జ్, అప్పుడు ఉండేవి 108, 128, 0. పంపే ముందు చదివితే 216 ఉండి, పంపిన తర్వాత చదివితే 108 ఉందంటే, మధ్యలో చిప్పు పడి లేచిందని అర్థం. ప్రోగ్రాము 866లో ఉన్నాననుకుని మాట్లాడుతుంటుంది, చిప్పు 434లో, అదీ లోరా కాని ఇంకో పద్ధతిలో నిలబడి ఉంటుంది. వెర్షను అడిగితే పద్దెనిమిదే చెబుతుంది, ఆరోగ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకే ముందు ఒకసారి అడిగితే చాలదు, పని తర్వాత కూడా అడగాలి. మావయ్య రెండోసారి లైటు వెలిగించేది ఇందుకే. మందు చిన్నదే. తీగలు పొట్టివి చేయడం, చిప్పు కరెంటు పిన్నుల దగ్గరే ఒక కెపాసిటర్ అతికించడం.

తీగల పని అయ్యాక మాటల పని. రెండు మాడ్యూళ్లనూ తోటదాకా తీసుకెళ్లకుండా ఇంట్లోనే చెరో గదిలో పెట్టి, తక్కువ బలంతో మాట్లాడించాలి. బల్లమీద పక్కపక్కనే పెట్టి పూర్తి బలంతో అరిపిస్తే వినే చిప్పు ఉక్కిరిబిక్కిరవుతుంది. ఫ్రీక్వెన్సీ, బ్యాండ్‌విడ్త్, ఒక్కో జారుడును ఎంత నిదానంగా సాగదీయాలో చెప్పే స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ మూడూ రెండు వైపులా ఒకటే కావాలి. స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ 7తో పంపినది 9తో వినే చిప్పుకు ఉత్త రొద. సింక్ వర్డ్ అనే గుర్తు కూడా కలవాలి. సొంత ఏర్పాట్లకు ఒక విలువ, లోరావాన్ అనే పెద్ద నెట్‌వర్కు పద్ధతికి ఇంకో విలువ ఉంటాయి. లోరావాన్‌లో గేట్‌వే పంపే సంకేతం జారుడు దిశను తిరగేసి పంపుతారు, పొలాల్లోని పరికరాలు ఒకదాని మాట ఒకటి వినకుండా. అంటే కొన్ని మౌనాలు ఎవరో కావాలని కట్టిన గోడలే. వాటిని లోపమనుకుని తీగలు పీకి లాభం లేదు.

యాంటెన్నా దగ్గర మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే ఇక్కడ కన్ను నిజంగా మోసపోతుంది. మాడ్యూలు బోర్డుకు ఎస్ఎంఏ అనే ఇత్తడి మరల కనెక్టరు ఉంటుంది, మధ్యలో చిన్న రంధ్రం. దానికి బిగించే యాంటెన్నా మధ్యలో సన్నటి పిన్ను ఉండాలి. వై-ఫై రూటర్ల యాంటెన్నాలు చాలావరకు దీనికి తిరగేసిన రకం. వాటి మరలు సరిగ్గా కుదురుతాయి, నట్టు చక్కగా బిగుస్తుంది, లాగినా రాదు, కానీ లోపల పిన్ను ఉండాల్సిన చోట అక్కడ కూడా రంధ్రమే ఉంటుంది. రంధ్రానికి రంధ్రం ఎదురుగా నిలబడుతుంది, మధ్యలో ఖాళీ. బయటి నుంచి ఎంత చూసినా తెలియదు, విప్పి నేరుగా లోపలికి చూస్తేనే తెలుస్తుంది. యాంటెన్నా అసలు లేకుండా పూర్తి బలంతో పంపితే శక్తి పోయే దారిలేక వెనక్కి తిరిగి చిప్పునే దెబ్బతీయగలదు, కాబట్టి ఈ ఖాళీ ఉత్త మౌనంతో పోయే వ్యవహారం కాదు. అనుమానం ఉంటే కొన్న యాంటెన్నా పక్కన పెట్టి ఒక రాగితీగ ముక్క వాడొచ్చు. 866 మెగాహెర్ట్జ్ అల పొడవు 35 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ, అందులో నాలుగో వంతు ఎనిమిదిన్నర సెంటీమీటర్ల పైన. అంత పొడవున్న తీగను నిలువుగా నిలబెడితే అది తెలిసిన యాంటెన్నా. స్కేలుతో కొలిచి కోసింది కాబట్టి దాన్ని నమ్మొచ్చు.

మౌనానికి కూడా ఒక అంకె ఉంటుందన్న సంగతి ఈ పనిలో దిగాకే నాకు నిజంగా అర్థమైంది. ఎవరూ పంపనప్పుడు కూడా చిప్పు తన చెవిన పడుతున్న బలమెంతో చెప్పగలదు. వేడి ఉన్న ప్రతి వస్తువూ రేడియో రొద పుట్టిస్తుంది, గది కూడా. ఎంత పుట్టిస్తుందో లెక్క వేయొచ్చు. గది వేడికి 125 కిలోహెర్ట్జ్ వెడల్పులో మైనస్ 123 డీబీఎం (రేడియో బలానికి కొలత అది). చిప్పు సొంత రొద ఆరేడు డెసిబెల్స్ కలిపితే మైనస్ 117 చుట్టుపక్కల. చదివితే అంతకు దగ్గరగా వచ్చిందా, మన చెవి బాగుంది, చుట్టూ నిశ్శబ్దంగా ఉంది. మైనస్ 95 అని వచ్చిందా, దగ్గర్లో ఏదో అరుస్తోంది. నాసిరకం ఎల్ఈడీ బల్బు, ఫోను ఛార్జరు, ఆఖరికి రాస్ప్‌బెర్రీ పై కూడా కావొచ్చు. యాంటెన్నాను కాస్త పొడవు కేబులుతో కంప్యూటరుకు దూరంగా పెట్టమనేది అందుకే. లోరా గొప్పతనం ఏమిటంటే స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ 12 పెట్టుకుంటే రొదకంటే ఇరవై డెసిబెల్స్ కింద, అంటే నూరో వంతు బలంతో వచ్చిన మాటను కూడా ఏరుకోగలదు. కానీ ఆ రొద మట్టం ఎక్కడుందో తెలియకపోతే ఎంత కిందికి దిగామో తెలియదు.

రొదను అంకెగా కొలిచినవాళ్లలో ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్‌ల కథ చాలామంది వినే ఉంటారు. అమెరికాలో న్యూజెర్సీలోని హోమ్‌డెల్ దగ్గర బెల్ ల్యాబ్స్ వారి ఇరవై అడుగుల కొమ్ము యాంటెన్నా. 1964లో దాన్ని 4080 మెగాహెర్ట్జ్ మీద పెట్టి ఆకాశాన్ని వింటే, ఎటు తిప్పినా పోని ఒక చిన్న రొద మిగిలింది. ఈ కథ చెప్పే ప్రతివారూ ఆ కొమ్ములో గూడు కట్టిన పావురాల దగ్గర ఆగుతారు, వాటి రెట్టలు కడిగినా రొద పోలేదని చెబుతారు. నాకు ఆ కథలో ముఖ్యమైనది పావురాలు కాదు, హీలియం. పెంజియాస్ ద్రవ హీలియంతో చల్లబరిచే ఒక పరికరం కట్టాడు. హీలియం మరిగేది సుమారు మైనస్ 269 డిగ్రీల దగ్గర, అంటే పరమ శూన్య ఉష్ణోగ్రతకు నాలుగు కెల్విన్‌ల పైన. కాబట్టి ఆ పరికరం పుట్టించే రొద ఎంతో ముందే తెలుసు. రిసీవరును ఒకసారి దానికీ ఒకసారి కొమ్ముకీ మార్చి మార్చి తగిలిస్తూ పోల్చారు. మామూలుగా రేడియో ఇంజనీర్లు కొద్ది డిగ్రీల తేడా వస్తే పరికరంలోదేలే అని సరిపెట్టుకునేవారు. వీళ్లు అలా సరిపెట్టుకోలేకపోయారు. తెలిసిన రొద చేతిలో ఉంది కాబట్టి తెలియనిది సుమారు మూడున్నర కెల్విన్ అని ధైర్యంగా చెప్పగలిగారు. అది విశ్వం పుట్టిన కాలం నుంచి మిగిలిన వేడి అని తర్వాత తేలింది, 1978లో నోబెల్ వచ్చింది. అదే సంవత్సరం భౌతికశాస్త్రం బహుమతిలో రెండో సగం వెళ్లింది ప్యోత్ర్ కపీత్సాకు, అతి శీతల భౌతికశాస్త్రంలో చేసిన కృషికి. హీలియం గుణాల మీద పరిశోధించిన మనిషి ఆయన. ఆ రెండు సగాలూ ఒకే చోట కలవడం నాకు ఎప్పుడూ సంతోషం కలిగిస్తుంది.

మా తోటలోని మాడ్యూలు మధ్యాహ్నం ఎండకు ఉడికిపోతుంది, ఇంట్లోది ఫ్యాను కింద ఉంటుంది. ప్రతి మాడ్యూలులోనూ ఫ్రీక్వెన్సీకి ఆధారం ఒక స్ఫటికం. అది వేడికి కొద్దిగా జరుగుతుంది. పది లక్షలకు పది పాళ్లు జరిగినా 866 మెగాహెర్ట్జ్ దగ్గర అది ఎనిమిదిన్నర కిలోహెర్ట్జ్ దాటుతుంది. లోరా తన బ్యాండ్‌విడ్త్‌లో నాలుగో వంతు దాకా తేడాను ఓర్చుకుంటుంది. 125 కిలోహెర్ట్జ్ పెడితే 31 దాకా ఫర్వాలేదు. ఇంకా దూరం వస్తుందన్న ఆశతో బ్యాండ్‌విడ్త్‌ను పదిహేనుకు కుదిస్తే ఓర్పు నాలుగు కిలోహెర్ట్జ్ లోపుకు పడిపోతుంది. అప్పుడు పొద్దున పలికే తోట మధ్యాహ్నం పలకదు, సాయంత్రం మళ్లీ పలుకుతుంది. రోజులో వేళను బట్టి వచ్చే మౌనం కనిపిస్తే నేను మొదట అడిగేది ఎండ గురించే.

ఇదే జబ్బు ఇంతకంటే వెయ్యి రెట్లు కఠినంగా వచ్చినది వాయేజర్ 2 అనే అంతరిక్ష నౌకకు. 1977 ఆగస్టు 20న బయలుదేరిన ఆ నౌకలో రెండు రిసీవర్లున్నాయి. 1978 ఏప్రిల్‌లో, భూమి నుంచి వారం పాటు ఆజ్ఞ ఏదీ రాకపోవడంతో లోపలి కంప్యూటరు మొదటి రిసీవరు పోయిందనుకుని రెండోదానికి మారింది. ఆ రెండోదానిలో, వచ్చే ఫ్రీక్వెన్సీని వెంటాడి పట్టుకునే భాగంలోని ఒక కెపాసిటర్ అప్పటికే చెడిపోయి ఉంది. భూమి పిలిస్తే పలకలేదు. కొన్ని గంటల తర్వాత నౌక తిరిగి మొదటిదానికి మారింది, అరగంట తిరక్కుండా అది శాశ్వతంగా పోయింది. ఇక మిగిలింది చెవుడు వచ్చిన రెండోదే. కంప్యూటరు మళ్లీ దానివైపు మారేదాకా కింద ఇంజనీర్లు ఇంకో వారం చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చింది.

ఆ రిసీవరు వినగలిగే వెడల్పు వెయ్యో వంతుకు కుంచించుకుపోయింది. ఆ సన్నటి సందు కూడా ఒక చోట నిలవదు, నౌక లోపలి వేడి డిగ్రీలో కొంత భాగం మారినా పక్కకు జరిగిపోతుంది. భూమి తిరుగుడు వల్ల, నౌక వేగం వల్ల వచ్చే డాప్లర్ తేడా అదనం. అక్కడికెళ్లి అగ్గిపుల్లతో నొక్కి చూసే వీలు లేదు. వాళ్లు చేయగలిగింది, తెలిసిన ఆజ్ఞ ఒకటి తీసుకుని దాన్ని వేరువేరు ఫ్రీక్వెన్సీల మీద పంపుతూ దేనికి పలికిందో చూడడం. పలికిన చోటును బట్టి సందు ఎక్కడుందో, ఏ వేడికి ఎటు జరుగుతుందో పట్టిక కట్టడం. ఆ పట్టికతోనే 1979లో గురుగ్రహం, 1981లో శని, 1986లో యురేనస్, 1989లో నెప్ట్యూన్ దాటించారు. యురేనస్‌నూ నెప్ట్యూన్‌నూ దగ్గర నుంచి చూసిన నౌక ఇప్పటికీ అదొక్కటే. మనం చూసిన ఆ నీలి గోళాల బొమ్మలు తీయమన్న ఆజ్ఞలన్నీ ఒక చెడిపోయిన కెపాసిటర్‌ను దాటుకుని వెళ్లినవే. మరమ్మతు అంటే చెడినదాన్ని బాగుచేయడమే అనుకునే నాకు, చెడినది ఏ మేరకు చెడిందో కొలిచి దానితోనే నెప్ట్యూన్ దాకా పదకొండేళ్లు నడిపించడం కూడా మరమ్మతేనని నేర్పింది ఈ కథ.

ఇంట్లో, తోటలో అన్నీ పలకడం మొదలుపెట్టాక నేను ఇంకో మాడ్యూలు కొని ఇంటి మేడమీద పెట్టాను. దానికి సెన్సరు లేదు. గంటకోసారి ఒకే అంకెను పంపుతుంది, అంతే. ఇది దండగ ఖర్చని ఇంట్లో వాళ్లన్నారు, ఏ సమాచారమూ ఇవ్వని యంత్రానికి ప్లగ్గు ఎందుకని. కానీ అది ఉన్నందువల్ల తోట పలకనప్పుడు నాకు తోవ తెలుస్తుంది. మేడ పలికి తోట పలకకపోతే బండి తీసి తోటకెళ్లాలి. రెండూ పలకకపోతే లోపం రాస్ప్‌బెర్రీ పై దగ్గరే ఉంది, ఎండలో తిరగనక్కర్లేదు. మొన్న పైలో ఆపరేటింగ్ సిస్టం కొత్తగా ఎక్కించినప్పుడు అదే జరిగింది. రెండూ ఒకేసారి ఆగిపోయాయి. కొత్త సిస్టంలో ఎస్పీఐ మూసి ఉంది, కుర్చీలోంచి లేవకుండానే తెరిచాను.

గాలి అందరిదీ కాబట్టి మేడమీది మాడ్యూలు మాట పొట్టిగా ఉండేలా చూశాను. స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ 12తో పది అక్షరాలు పంపితే సెకను దాకా పడుతుంది, 7తో అయితే సెకనులో పాతికో వంతుతో అయిపోతుంది. మేడ దూరానికి ఏడు చాలు, కాకపోతే తోటదీ అదే కావాలి, ఒక చిప్పు ఒకేసారి రెండు రకాలు వినలేదు. తోట నుంచి ఏడు అందడం లేదు, తొమ్మిది అందుతోంది. అందుకని రెండింటికీ తొమ్మిదే పెట్టాను.

ఇక మిగిలిన పని తోటలోని బ్యాటరీది. ఇప్పటిదాకా నీటిమట్టం ఒక్కటే పంపుతోంది. వానాకాలం మబ్బులకు సోలార్ పలక సరిగా నింపక అది తగ్గిపోతే, ఆ మౌనం మాడ్యూలు పోయినదానిలాగే ఉంటుంది. నీటిమట్టంతో పాటు బ్యాటరీ వోల్టేజిని కూడా పంపేలా ప్రోగ్రాము మారుస్తున్నాను, అదనంగా పట్టేది రెండు బైట్లే. వోల్టేజి నాలుగు రోజుల నుంచి దిగుతూ దిగుతూ వచ్చి ఆగిన తోట దగ్గరికైతే ఛార్జి చేసిన సెల్లు పట్టుకుని వెళతాను. నిండు వోల్టేజితో మాట్లాడుతూ ఉన్నట్టుండి ఆగిందంటే మల్టీమీటరు, సోల్డరింగు ఐరను, కొలిచి కోసిన ఆ రాగితీగ ముక్క సంచిలో వేసుకుంటాను.